పూల కానుక, వ్యాపార బంధం



దసరా నాటి సాయంత్రం తరిగొప్పులలోనో, నర్మెట్టలోనో, జనగామ బజారులోనో నిలబడి చూడండి. జమ్మి చెట్టుకు మొక్కి వచ్చిన జనం చేతిలో గుప్పెడు ఆకు పట్టుకుని ఒకరినొకరు వెతుక్కుంటూ తిరుగుతుంటారు. రైతు వెళ్లి ఎరువుల దుకాణం సేటు చేతిలో నాలుగు ఆకులు పెడతాడు. సేటు తన దగ్గరున్న నాలుగు ఆకులు రైతు చేతిలో పెడతాడు. బంగారం అంటూ ఇచ్చి పుచ్చుకుని అలయ్ బలయ్ తీసుకుంటారు. ఏడాది పొడుగునా బాకీల దగ్గర, వడ్డీ దగ్గర, తూకం దగ్గర మాటామాటా అనుకున్నవాళ్లే వాళ్లిద్దరూ. ఆ పూట మాత్రం లెక్క పుస్తకం మూసి ఉంటుంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే దుకాణం, అదే బేరం. కానీ మాటలో ఎంతో కొంత మెత్తదనం వచ్చి చేరుతుంది.

పైసా ఖర్చు లేని ఆకు ఇంత పని చేస్తోంది. జమ్మిని తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకుంది. 2005 నుంచి రాజకీయ నాయకుడు బండారు దత్తాత్రేయ గారు దసరా మర్నాడు హైదరాబాద్‌లో అన్ని పార్టీల వాళ్లనూ పిలిచి అలయ్ బలయ్ జరుపుతూ వస్తున్నారు. ఎదురెదురుగా నిలిచి పోట్లాడుకునే వాళ్లు ఆ పూట ఒకే పందిరి కింద కూర్చుంటారు. వ్యాపార సంబంధాలకు కానుకలు ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నేను ముందు జమ్మి ఆకునే చూపిస్తాను. ఆ తరువాతే పువ్వు.

ఇవాళ నేను మాట్లాడదలచింది ఆ పువ్వు గురించే. ఒక వ్యాపారి ఇంకో వ్యాపారికి, ఒక కంపెనీ తన ఖాతాదారుకు, ఒక మిల్లు తనకు సరుకు తెచ్చే అడ్తిదారుకు పూలు ఇవ్వడం గురించి. ఇది హైదరాబాద్ హైటెక్ సిటీ అద్దాల మేడలకు సంబంధించిన విషయమనీ, మనకెందుకనీ అనుకోకండి. 2016లో జనగామ జిల్లా ఏర్పడ్డాక తరిగొప్పుల మండల కేంద్రమైంది. మన చుట్టూ పత్తి మిల్లులున్నాయి, బియ్యం మిల్లులున్నాయి, బ్యాంకు శాఖలు, ప్రైవేటు బడులు, ట్రాక్టర్ల షోరూములు, బంగారం దుకాణాలు ఉన్నాయి. వీటిలో ఏదీ మనిషికీ మనిషికీ మధ్య నమ్మకం లేకుండా నడిచేది కాదు.

ఇప్పుడు మన దగ్గర ఇచ్చే కానుకలేమిటి? కొత్త సంవత్సరానికి డైరీ, క్యాలెండర్. దీపావళికి మిఠాయి డబ్బా, లేదంటే జీడిపప్పు, బాదం పెట్టిన పెట్టె. కొంచెం పెద్ద గిరాకీ అయితే గోడ గడియారం. గడియారం మధ్యలో ఇచ్చినవాళ్ల కంపెనీ పేరు పెద్దక్షరాలతో ఉంటుంది. పుచ్చుకున్నవాళ్ల ఇంటి గోడ మీద అది ప్రచార బోర్డు అయి కూర్చుంటుంది. జీడిపప్పు పెట్టె సంగతి మీకు తెలిసిందే. మూత తీయకుండానే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, అక్కడి నుంచి మరో ఇంటికి పోతుంది. ఇచ్చినవాళ్ల పేరు రెండో చేతిలోనే మాసిపోతుంది.

పువ్వు అలా చేతులు మారదు. దాన్ని దాచుకోలేం, అమ్ముకోలేం, వచ్చే నెల ఇంకొకరికి ఇవ్వలేం. అందుకే దాన్ని పుచ్చుకున్న మనిషి మీద ఏ బరువూ పడదు. ఖరీదైన వస్తువు చేతిలో పెట్టినప్పుడు ఎదుటి మనిషి మనసులో ఒక లెక్క మొదలవుతుంది. ఇది ఎందుకిచ్చాడు, బదులుగా ఏం అడుగుతాడు అని. వ్యాపారంలో ఆ అనుమానమే సంబంధాన్ని తినేస్తుంది. పూలు ఆ అనుమానానికి తావివ్వవు. నిన్ను తలుచుకున్నాను, నీ కోసం వచ్చాను అని మాత్రమే చెబుతాయి.

చట్టం కూడా ఇప్పుడు ఖరీదైన కానుకల మీద కన్నేసింది. 2022 జూలై ఒకటి నుంచి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, వ్యాపారంలో ఒకరికి ఏడాదిలో 20 వేల రూపాయలు దాటిన ప్రయోజనం ఏదైనా ఇస్తే దాని మీద 10 శాతం పన్ను ముందే మినహాయించి కట్టాలి. మందుల కంపెనీలు డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదని 2024లో కేంద్రం నియమావళి తెచ్చింది. చాలా పెద్ద కంపెనీలు కూడా తమ ఉద్యోగులు ఖరీదైన బహుమతులు పుచ్చుకోకూడదని రాసి పెట్టుకున్నాయి. పూలగుత్తి పుచ్చుకుంటే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని ఉండదు.

పూలు మనసు మీద ఏం చేస్తాయో కూడా కొందరు పరీక్షించి చూశారు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో జానెట్ హావిలండ్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు స్త్రీలకు పూలు, కొందరికి పండ్ల బుట్ట, కొందరికి కొవ్వొత్తి ఇచ్చి, తలుపు తీసి అందుకున్న ఆ క్షణంలో వాళ్ల ముఖం ఎలా ఉందో గమనించారు. కళ్ల చుట్టూ ముడతలు పడేలా వచ్చే అసలైన నవ్వు పూలు అందుకున్న వాళ్లందరిలోనూ కనిపించింది. ఆ పరిశోధనకు పూల వ్యాపారుల సంఘం సాయం ఉందన్న సంగతి కూడా చెప్పాలి. దాన్ని పక్కన పెట్టినా, మన ఆడబిడ్డ బతుకమ్మ పేర్చుతున్నప్పుడు ఆమె ముఖం చూసినవాళ్లకు ఇందులో కొత్త ఏమీ లేదు.

మరి పూలంటే ఇంత మంచి మాట చెబుతున్నప్పుడు, బొకేలు వద్దు అనే మాట ఎందుకు ఇంత గట్టిగా వినిపిస్తోంది? 2017 జూన్‌లో ప్రధాని నరేంద్ర మోదీ కొచ్చిలో జరిగిన సభలో బొకే బదులు పుస్తకం ఇవ్వమని కోరారు. ఆ మరుసటి నెలలో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ప్రధాని పర్యటనలకు వచ్చినప్పుడు పూలగుత్తులు ఇవ్వవద్దని, ఇవ్వాలనుకుంటే ఒక్క పువ్వు, దానితో ఖాదీ చేతిరుమాలో పుస్తకమో చాలునని. మన జిల్లాల్లో కూడా కొత్త సంవత్సరం రాగానే ఎందరో కలెక్టర్లు, ఎమ్మెల్యేలు బొకేలు తేవద్దు, పిల్లలకు నోటు పుస్తకాలో పేదలకు దుప్పట్లో తెమ్మని ముందే చెబుతున్నారు. ఆ మాటను నేను మనసారా గౌరవిస్తాను. దుప్పటి కప్పుకున్న ముసలమ్మ ముందు వాడిపోయిన బొకే ఏపాటి?

కానీ తప్పు పువ్వుది కాదని నా గట్టి నమ్మకం. ఈసారి మీ చేతికి ఒక బొకే వస్తే పారేసే ముందు విప్పి చూడండి. పైన జిగేలుమనే ప్లాస్టిక్ కాగితం, దానికి రిబ్బను. లోపల ఐదారు జెర్బెరా పూలు, మధ్యలో తెల్లని చిన్న చిన్న జిప్సీ పూలు. జెర్బెరా తల బరువుకు కాడ వంగిపోకుండా ప్లాస్టిక్ గొట్టంలోనో తీగతోనో బిగించి ఉంటుంది. కింద తడిపిన పచ్చ స్పాంజి ముద్ద. వేలితో నొక్కితే పొడి పొడిగా రాలుతుంది. ఆ స్పాంజిని 1950లలో అమెరికాలో కనిపెట్టారు. అది ఒక రకం ప్లాస్టిక్కే. మట్టిలో కలవదు, కాలువలో పడితే నలిగి నలిగి కంటికి కనపడనంత చిన్న ముక్కలవుతుంది. ఇంగ్లండ్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన పూల ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. మనం పారబోసే బొకేలో మట్టిలో కలిసేవి ఆ పూలే. మిగతాదంతా చెత్త.

ఇంకొక మాట. ఆ జెర్బెరా మన ఊళ్లో పండింది కాదు. దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికా. ఇప్పుడు హోసూరు, బెంగళూరు వైపు నుంచీ, హైదరాబాద్ పక్కన చేవెళ్ల, మొయినాబాద్ పాలీహౌస్‌ల నుంచీ వస్తుంది. తెలంగాణ ఏర్పడిన తొలి సంవత్సరాల్లో ప్రభుత్వం పాలీహౌస్ ఖర్చులో 75 శాతం సబ్సిడీ ఇచ్చింది. ఎందరో యువ రైతులు ధైర్యం చేసి ఆ పందిళ్లు వేశారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి గుళ్లు మూతపడి, పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు వాళ్లు కోసిన పూలను గుట్టలుగా పారబోయవలసి వచ్చింది. ఎందుకలా అయింది? ఎందుకంటే మన పూల గిరాకీ అంతా రెండింటి మీదే నిలబడి ఉంది. గుడి, పెళ్లి.

నేను చెప్పదలచిన అసలు సంగతి ఇక్కడుంది, కాస్త మనసు పెట్టి వినండి.

హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారక ముందే బంతి, చామంతి, లిల్లీ, గులాబి మూటలు, గంపలు దిగుతాయి. అక్కడ ధరను నిర్ణయించేది పంచాంగం. మంచి ముహూర్తం ఉన్న వారం చామంతికి రెక్కలు వస్తాయి. శ్రావణ శుక్రవారాలకు, వినాయక చవితికి, దసరాకు, దీపావళికి బంతి దొరకడమే కష్టం. మూఢం వచ్చిందా, శూన్యమాసం వచ్చిందా, ధర నేల మీద పడుతుంది. కోత కూలీ కూడా గిట్టదని రైతు పూలను చెట్టు మీదే వదిలేస్తాడు. పెసలో కందులో అయితే నెల రోజులు ఇంట్లో పెట్టుకుని ధర వచ్చినప్పుడు అమ్మవచ్చు. పువ్వు ఆ పూట అమ్ముడుపోవాలి.

ఈ ఎత్తుపల్లాలను సర్దగలిగింది ఎవరు? పంచాంగం చూడకుండా ఏడాదంతా తలుపు తెరిచి ఉంచే వాళ్లు. బ్యాంకుకు మూఢం లేదు. ఆసుపత్రికి శూన్యమాసం లేదు. మిల్లుకు, బడికి, షోరూముకు ప్రతి సోమవారమూ పని దినమే. ఒక ఉద్యోగి రిటైరవుతాడు, ఒక ఖాతాదారు కొత్త ట్రాక్టర్ తీసుకుంటాడు, ఒక పిల్లవాడికి మెడికల్ సీటు వస్తుంది, ఒక అడ్తిదారు కొత్త ఇల్లు కడతాడు. ఇవి ముహూర్తాల కోసం ఆగవు. ఈ సందర్భాలన్నింటికీ వ్యాపారులు పూలు ఇచ్చే అలవాటు పెట్టుకుంటే, పెళ్లిళ్లు లేని నెలల్లో కూడా పూల రైతుకు ఒక గిరాకీ నిలుస్తుంది. ఒక పూల కట్టతో రెండు బంధాలు బలపడతాయి. ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ మధ్య ఒకటి, పట్నానికీ పొలానికీ మధ్య ఒకటి.

మన నేలలో ఏ పూలు వస్తాయని అడగవచ్చు. బంతి మనకు కొత్త కాదు. నారు పోసిన నెల లోపు నాటుకోవాలి, నాటిన రెండు నెలల లోపే పూత మొదలవుతుంది. అంటే దసరాకు పువ్వు కావాలంటే జూలై మధ్యలో నారు పోయాలి. ఫ్రిజ్ లేకుండా రెండు మూడు రోజులు తాజాగా ఉంటుంది. చామంతికి పగలు తగ్గే కాలం కావాలి, అందుకే చలి రోజుల్లో విరగబూస్తుంది. కాడతో కోసి నీళ్లలో పెడితే వారం దాటినా వాడదు. మన మార్కెట్‌లో లిల్లీ అని పిలిచే నేలసంపెంగను దండలకు విడి పూలుగా అమ్ముతాం గానీ, కానుకకు కాడతో ఇస్తే దాని అందమే వేరు. అడుగున రెండు మూడు పూలు విచ్చుకున్నప్పుడు కాడను కోయాలి. నీళ్లలో పెట్టాక రోజుకు కొన్ని చొప్పున కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. ఇచ్చిన నాలుగో రోజు సాయంత్రం కూడా ఆఫీసు గదంతా వాసన నిండుతుంది. ఇచ్చిన మనిషి ఆ నాలుగు రోజులూ గుర్తుంటాడు.

ఇక గునుగు. చేన్ల గట్ల మీద, చెలకల్లో తనంత తానే మొలిచే పువ్వు. బతుకమ్మకు తప్ప మనం దాన్ని పట్టించుకోం. తెల్లటి, గులాబి రంగు కంకులు ఎండినా రాలిపోవు, రూపం చెడదు. పది గునుగు కాడలు, నాలుగు పసుపు చామంతులు కలిపి అరటి నారతో కట్టి ఇచ్చి చూడండి. హైదరాబాద్ నుంచి వచ్చిన కంపెనీ మేనేజరు దాన్ని చూసి ఏ పువ్వని అడుగుతాడు. ఆ ప్రశ్నతోనే మన ఊరి ముచ్చట మొదలవుతుంది. ప్లాస్టిక్ కాగితం చుట్టిన జెర్బెరా అతనికి హైదరాబాద్‌లోని తన ఆఫీసు కిందే దొరుకుతుంది.

పూలను పెట్టి ఇచ్చే పాత్ర కూడా మన దగ్గరే ఉంది. హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద, జనగామ పక్కనే పెంబర్తి. ఇత్తడి రేకు మీద చెక్కే ఆ పని కాకతీయుల కాలం నుంచి వస్తున్నదని చెబుతారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సన్మానాలకు జ్ఞాపికలు అక్కడి నుంచి ఎక్కడెక్కడికో వెళ్తాయి. ఏటా ఒక జ్ఞాపిక ఇచ్చి బీరువాలో పెట్టించే బదులు, మీకు ముఖ్యమైన ఖాతాదారుకు ఒక్కసారి పెంబర్తి కలశం ఇవ్వండి. ఆ తరువాత ప్రతి పండక్కీ, ప్రతి కొత్త సీజనుకూ అందులో పెట్టుకోవడానికి తాజా పూలు పంపండి. పాత్ర అక్కడే ఉంటుంది. పూలతో పాటు మీ మనిషి వెళ్లి పలకరించి వస్తాడు. సంబంధం నిలబడేది ఆ పలకరింపు వల్లే. కొరియర్‌లో పంపిన వెయ్యి రూపాయల బొకే కంటే, దుకాణం యజమాని స్వయంగా పట్టుకెళ్లిన వంద రూపాయల చామంతి కట్ట ఎక్కువ పని చేస్తుంది.

ఎప్పుడు ఇవ్వాలో తెలిసి ఉండటం ఇంకా ముఖ్యం. జనవరి ఒకటిన అందరూ ఇస్తారు. ఆ పూట వచ్చిన పాతిక బొకేల్లో మీది ఏదో ఎవరికీ గుర్తుండదు. కంపెనీ పెట్టి పదేళ్లయిన రోజు గుర్తుంచుకుని వెళ్లండి. నష్టం వచ్చి దుకాణం తిరిగి తెరిచిన రోజు వెళ్లండి. అన్నింటికీ మించి, గిరాకీ ఇంట్లో చావు జరిగినప్పుడు ఒక పూలదండ పట్టుకుని వెళ్లి, మాట్లాడకపోయినా సరే కాసేపు నిలబడి రండి. మన పల్లెల్లో వ్యాపారం తెగిపోయిన చోట కూడా ఆ రోజు వచ్చినవాళ్లను మరచిపోరు.

మన పిల్లలు అమెరికా, యూరప్, జపాన్ కంపెనీలతో పని చేస్తున్నారు కాబట్టి వాళ్ల కోసం ఒక చిన్న సూచన. మనకు చామంతి శుభం. ఫ్రాన్స్‌లో అది సమాధుల మీద పెట్టే పువ్వు. జపాన్‌లో తెల్ల చామంతి అంత్యక్రియలకు వాడతారు. రష్యా వాళ్లకు పూలిస్తే బేసి సంఖ్యలో ఇవ్వాలి, సరి సంఖ్య చావుకు. అతిథి ఏ దేశం వాడో తెలుసుకుని పూలు ఎంచుకుంటే సగం మర్యాద అక్కడే పూర్తవుతుంది. మన ఊళ్లోనే అయినా, ఐసీయూలోకి పూలు రానివ్వరని, కొందరికి పుప్పొడి పడదని గుర్తుంచుకోవాలి.

పూలు ఎవరు తెచ్చి ఇస్తారు, ఎవరు కడతారు అన్నది చివరి ప్రశ్న. నెదర్లాండ్స్‌లో ఆల్స్‌మీర్ అనే ఊరుంది. ప్రపంచంలోని అతి పెద్ద పూల వేలం కేంద్రాల్లో అది ఒకటి. దళారులు చెప్పిందే ధర కావడంతో విసిగిపోయిన పూల రైతులు నూట పదేళ్ల కిందట తమ వేలం తామే పెట్టుకున్నారు. ఇవాళ్టికీ అది రైతుల సహకార సంఘమే. అక్కడ వేలం గడియారంలో ధర పై నుంచి కిందికి దిగుతూ వస్తుంది, ఎవరు ముందు మీట నొక్కితే పూలు వాళ్లవి. మనకు అంత పెద్దది అక్కర్లేదు. మన ఊరూరా మహిళా సంఘాలున్నాయి. బతుకమ్మ పేర్చిన చేతులకు పూల కట్ట కట్టడం ఒకరు నేర్పాలా? ఒక మండలంలో ఒక్క సంఘం ముందుకు వచ్చి, పది దుకాణాలు, రెండు బ్యాంకులు, నాలుగు బడులతో ఏడాదికి మాట్లాడుకుంటే చాలు. ప్లాస్టిక్ లేని కట్ట, అరటి నార, మోదుగ ఆకు. కట్టిన వాళ్లకు కూలీ, పండించిన వాళ్లకు ధర.

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం జరుగుతుంది. ఆ రోజుల్లో బంతిపూల దండలకు గిరాకీ ఎలా ఉంటుందో మన రైతులకు తెలుసు. ఆ గిరాకీని నమ్ముకుని బంతి వేసిన వాళ్లకు ఉగాది తరువాత కూడా కొనేవాళ్లు కావాలి.

కాబట్టి మిల్లు యజమానులకు, దుకాణదారులకు, బ్యాంకు మేనేజర్లకు, బడుల కరస్పాండెంట్లకు నా విన్నపం ఇది. ఈ ఏడాది కానుకల కోసం పక్కన పెట్టిన డబ్బులో సగమైనా పూలకు కేటాయించండి. ఆ పూలను మీ మండలంలోని రైతు దగ్గరే కొనండి. దసరాకు ఎన్ని కట్టలు కావాలో, ఏ రోజు కావాలో జూలై మొదటి వారంలోనే వాళ్లకు చెప్పి, కొంత బయానా ఇవ్వండి. బోరు కింద కాసిన్ని నీళ్లున్న రైతన్నలారా, ఐదు గుంటలు బంతికి, ఐదు గుంటలు లిల్లీకి కేటాయించి, మీ దగ్గర్లోని దుకాణదారులను ఇప్పుడే వెళ్లి అడగండి.